లాటు నంబరు ఒకటి

బస్సు ఇంకా ఆదోని స్టాండులోంచి కదలనే లేదు, ప్రభుదాసు ఒళ్ళో ఉన్న కవరును మూడోసారి తడిమి చూసుకున్నాడు. ఉంది. ఎక్కడికి పోతుంది, దానికేమైనా కాళ్ళున్నాయా. కాళ్ళున్నది తనకే, ఆ కాళ్ళేమో దిగిపోదామా అని ఒకటే నస. దిగితే ఎట్లా? పదకొండు గంటలకు బళ్ళారి నుంచి టెంపో వస్తుంది. ఎమ్మిగనూరు స్టాండు పక్కన రాణి నడిపే ఉగ్గాని బజ్జీ కొట్టు మూతపడుతుంది. సామానుతో పాటు రాణి కూడా ఆ టెంపో ఎక్కి కూతురి దగ్గరికి వెళ్ళిపోతుంది, ఇక ఎప్పటికీ రాదు. ఇప్పుడు తొమ్మిది. బస్సు ప్రయాణం ఒక గంట. పదికి దిగితే ఇంకో గంట చేతిలో ఉంటుంది. గంటసేపట్లో ఒక మనిషి ఇంకొక మనిషిని పెళ్ళి చేసుకుందామా అని అడగలేడా. లోకంలో ఎవరైనా అడగగలరు. యాభై రెండేళ్ళ ప్రభుదాసు మాత్రం అడగలేడని ప్రభుదాసుకు బాగా తెలుసు, అందుకే ఆ మాటను ఒక కార్డు మీదకు ఎక్కించి, కవర్లో పెట్టి, గుడ్డు మోసుకుపోయినట్టు జాగ్రత్తగా మోసుకుపోతున్నాడు.

ఆడవాళ్ళకు టికెట్టు లేకుండా పోయినప్పటి నుంచి ఈ బస్సులో మగవాడికి సీటు దొరకడమంటే లాటరీ తగలడమే. ఇవాళ దొరికింది, అదీ కిటికీ పక్కన. మంచి శకునమే అనుకున్నాడు. పాస్టరు గారికి శకునాలంటే గిట్టదు కాబట్టి వెంటనే ఆ మాట వెనక్కి తీసుకుని, దేవుని కృప అని మార్చుకున్నాడు. పక్కన ఒక పెద్దామె వక్కాకు సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, హులిగెమ్మా జరుగమ్మా అని నిలబడినవాళ్ళు పిలుస్తుంటే జరుగుతోంది, ఆమె జరిగినప్పుడల్లా ప్రభుదాసు కవరును గుండెకు హత్తుకుంటున్నాడు. వేళ్ళకు ఇంకా స్పిరిటు వాసన. సబ్బుతో ఎంత కడిగినా పోలేదు. ఈ వాసనతోనే కదా పోయిన ఆదివారం చర్చిలో పరువు పోయినంత పని అయింది. చేయి కలిపిన పాస్టరు గారు ఆ చేతిని ముక్కుదాకా తీసుకుపోయి, ఇరవై ఏళ్ళ కింద మానేసింది మళ్ళీ మొదలైందా దాసూ అన్నట్టు చూశాడు. రంగు పెన్నులండీ, వాటిలో సిరా స్పిరిటుతో చేస్తారండీ, బొమ్మలకు రంగులేస్తున్నానండీ అని చెప్పబోయాడు, నోటికి వచ్చింది మాత్రం దగ్గు. ఆయన ప్రార్థనలో ఆ రోజు బలహీనుల గురించి ఒక వాక్యం ఎక్కువైంది. తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తోంది. బస్సు కదిలింది.

ఆ పెన్నులు సుధమ్మవి. ప్రభుదాసు పనిచేసే పత్తి మిల్లు యజమాని గిరిధర్ శెట్టి గారి కోడలు సాయిసుధ. పెళ్ళయి వచ్చినప్పుడు ఒక సూట్‌కేసు నిండా చీరలు, ఇంకో సూట్‌కేసు నిండా ఈ పెన్నులూ అట్టలూ రబ్బరు అచ్చులూ తెచ్చుకుంది. ఇంట్లో ఎవరి పుట్టినరోజు వచ్చినా కొన్న కార్డు ఇవ్వదు, తానే పువ్వు అచ్చు కొట్టి, రేకు రేకుకూ రంగు నింపి ఇస్తుంది. అత్త రుక్మిణమ్మ మొదటి వారం వాసనకు ముక్కు మూసుకుని, పెన్నుల మీద ఆల్కహాల్ అని రాసి ఉండడం చూసి, పూజగది వైపు తేవద్దని కట్టడి చేసింది. రెండో నెలకు తన పుట్టినరోజు కార్డును ఆ పూజగదిలోనే పెట్టుకుంది. మిల్లులో బేళ్ళకు, అంటే అదిమి కట్టిన పత్తి మూటలకు, కంప్యూటరు స్టిక్కర్లు వచ్చాక, పాత అచ్చులను గోనెసంచిలో పోసి మూల పడేస్తే, వాటిని వెతుక్కుంటూ వచ్చింది సుధమ్మే. బేళ్ళ మీద కొట్టే పెద్దవి కావు, శాంపిలు పత్తి పొట్లాల మీద కొట్టే చిన్నవి, అరచేతిలో ఇమిడేవి. టేకు చెక్కలో చెక్కిన నెమలి, తామర, లాటు నం., బరువు అన్న మాటలు, సున్న నుంచి తొమ్మిది దాకా అంకెలు. ముప్పై ఏళ్ళు ఆ చెక్కల పిడులు ప్రభుదాసు అరచేతిలోనే అరిగాయి. వాటిని ఒడిలో పోసుకుని ఆ పిల్ల చిన్నపిల్లలా మురిసిపోతుంటే ప్రభుదాసుకు తననే ఎవరో మూలలోంచి తీసి దుమ్ము దులిపినట్టయింది.

నేర్పింది ఎవరు, నేర్చుకుంది ఎవరు అంటే చెప్పడం కష్టం. అచ్చు నొక్కకూడదమ్మా, చేయి బరువు దాని మీద వదిలి, ఊపిరి ఒకటి తీసుకుని, నిటారుగా లేపాలి అని ఆయన. లేత రంగు ముందు, ముదురు తర్వాత, తడి ఆరకముందే మళ్ళీ లేత రంగుతో అంచు తుడవాలి దాసన్నా, అప్పుడు రెండు రంగుల మధ్య గీత కనబడదు అని ఆమె. మొదటి నెమలి మాత్రం నవ్వులపాలైంది. ముప్పై ఏళ్ళ అలవాటు కొద్దీ మిల్లు ఇంకుతో అచ్చు కొట్టి, మెడకు నీలం పెట్టగానే, నల్లగీత కరిగి నీలంలో ఈదుకుంటూ పోయింది. నెమలి కాస్తా వానలో తడిసిన కాకి. మిల్లు ఇంకు స్పిరిటులో కలిపింది, పెన్నులోనూ స్పిరిటే, ఒకటి తగలగానే రెండోది కరిగిపోయింది. సుధమ్మ పగలబడి నవ్వి నీళ్ళ ఇంకు ప్యాడు తెప్పించింది. అప్పటి నుంచి మధ్యాహ్నం భోజనాల వేళ మిల్లు ఆఫీసు వరండాలో ఒక బల్ల, రెండు కుర్చీలు, కింద పనికిరాని కాగితం, ఎందుకంటే ఆ రంగు ఎంత దళసరి అట్టయినా ఇంకి అవతలికి పోతుంది. శెట్టి గారు అటు వచ్చినప్పుడు చూసి, ఏం దాసూ, బాల్యం ఇప్పుడొచ్చిందా అన్నాడు. ఔను సామీ, లేటుగా వచ్చింది అని ఎందుకు అనలేకపోయాడో. మాటలు ఎప్పుడూ అంతే, అరగంట తర్వాత వస్తాయి, అదీ ఒక్కడే ఉన్నప్పుడు.

మాటలు పోయింది మిల్లులోనే. గింజ తీసే జిన్ను మిషన్లు, బేళ్ళు కట్టే ప్రెస్సు, ఆ మోతలో నోరు తెరిస్తే దూది పడడం తప్ప ప్రయోజనం లేదు, అందుకని అందరికీ చేతులే నోళ్ళు. రెండు వేళ్ళు బుగ్గకు ఆనిస్తే టీ. అరచెయ్యి ఊపితే ఇక చాలని. పిడికిళ్ళు రెండూ ఛాతీ మీద అడ్డంగా పెడితే, మార్క పడింది, ముట్టొద్దు. అది ప్రభుదాసు సొంత సైగ. బేలు మీద నెమలి, లాటు నంబరు, బరువు పడ్డాయంటే ఇక దాన్ని విప్పేది లేదు, బాగలేదని వెనక్కి తెచ్చేది లేదు, మిల్లు మాట అయిపోయినట్టే. కొత్తగా చేరిన ఆడవాళ్ళు పత్తిలో చెత్త ఏరుతూ ఏరుతూ, మార్క పడిన బేలు చీలికలోంచి కూడా ఒక పుల్ల లాగబోతే, ఆయన పరుగెత్తుకొచ్చి ఎదురుగా నిలబడి పిడికిళ్ళు అడ్డం పెట్టేవాడు. మొగుడు పోయాక మిల్లులో చేరిన రాణికీ అట్లాగే పెట్టాడు, మొదటిరోజు. ఆమె భయపడలేదు. తన పిడికిళ్ళు తన ఛాతీ మీద అట్లాగే పెట్టి, ఆయన మొహం ఎంత గంభీరంగా ఉందో అంత గంభీరంగా తన మొహం పెట్టి, తర్వాత భుజాలు కదిలేటట్టు నవ్వింది. నవ్వు వినబడలేదు. ఎనిమిది సీజన్లు ఆ నవ్వును ప్రభుదాసు చూశాడే తప్ప వినలేదు. ఆమె మిల్లు మాని ఎమ్మిగనూరులో కొట్టు పెట్టుకున్నాక, ఒకరోజు ఉగ్గాని తినడానికి పోయి మొదటిసారి విన్నాడు. అనుకున్నదానికంటే పెద్ద నవ్వు. పొయ్యి మీద బాణలి కూడా అదిరింది. ఆ రోజు రెండు ప్లేట్లు తిన్నాడు.

ఆరేకల్ దగ్గర పత్తి బండ్లు అడ్డం వచ్చి బస్సు నిలబడింది. చేలల్లో రెండో ఏరుడు నడుస్తోంది, తెల్లగా, అక్కడక్కడా. సీజన్లో సెలవు అడగడం ఆయన జన్మలో ఇదే మొదలు. అసలు పెళ్ళి కాకపోవడానికి కారణమూ ఈ సీజనే అని చర్చిలో అందరికీ చెప్పి పెట్టాడు, సంబంధం వచ్చినప్పుడల్లా సీజను నడుస్తుండేదని. నిజానికి ప్రతి సంబంధంలోనూ పిల్లను చూడడానికి పోయి, ఒక్క మాట మాట్లాడక, టీ తాగి వచ్చేవాడు. వాళ్ళు మూగవాడనుకునేవాళ్ళు. రాణి విషయంలోనూ మూడుసార్లు అడగబోయాడు. మొదటిసారి క్రిస్మస్ ఆరాధన అయ్యాక, చింతచెట్టు కింద, గొంతు సవరించుకుని, ఉగ్గానికి బొరుగులు యాడ కొంటాండావు అని అడిగాడు. చెప్పింది పాపం, కొట్టు పేరుతో సహా. రెండోసారి ఫోనులో, ఈ ఏడు పత్తిలో తేమ ఎక్కువుంది అన్నాడు. మూడోసారి ఆమె తానే ఫోను చేసి, మా పాప కృప రమ్మంటాంది దాసప్పా, అల్లుడు ఇల్లు చూసినాడు, వచ్చే బుధవారం బళ్ళారి పోతాండాను అంది. అని ఊరుకుంది. చాలాసేపు ఊరుకుంది. ఆ ఊరుకోవడంలో ఒక వాకిలి తెరిచి పెట్టిందని, ఫోను పెట్టేసి అరగంట అయ్యాక ఆయనకు తట్టింది. ఆయన ఫోనులో అన్నది, మంచిది.

దాసప్పా. మిల్లులో ఆడవాళ్ళందరూ ఆయనను దాసన్నా అంటారు. ముసలి భీమక్క కూడా దాసన్నా అనేది. రాణి ఒక్కతే మొదటి నుంచీ దాసప్పా. ఒక్కసారైనా, పొరపాటునైనా అన్నా అనలేదు. ఈ సంగతి ఆయనకు మూడేళ్ళకు గానీ తెలియలేదు, తెలిసిన రోజున ఒక లాటు మొత్తానికి నెమలిని తలకిందులుగా కొట్టాడు. ఆ ఒక్క అక్షరం మీదనే కదా ఇన్నాళ్ళ ధైర్యం. మొన్న సుధమ్మ అడిగింది, దాసన్నా, పదకొండు కార్డులు పాడుచేసినావు, ఇది ఎవరికో చెప్పకపోతే పన్నెండో అట్ట ఇయ్యను అని. చెప్పాడు. ఎట్లా చెప్పాడో, వేళ్ళతో చెప్పాడో నోటితో చెప్పాడో గుర్తులేదు. ఆమె, నోటితో అడగలేకపోతే ఈ కార్డుతోనే అడుగు, ఇంతకంటే నీకు వచ్చిన భాష ఇంకేముంది అంది. తన పెన్నుల్లో ఉన్న పచ్చలన్నీ ముందు పరిచింది.

నెమలి మెడకు నీలం పెట్టలేదు. రాణికి ఒక చిలకపచ్చ చీర ఉండేది, మిల్లులో సీజను మొదటిరోజు ప్రతి ఏడూ అదే కట్టుకొచ్చేది, సాయంత్రానికి దూదితో తెల్లబడేది. ఆ పచ్చ రావడానికి మూడు పెన్నులు పట్టాయి. లేత ఆకుపచ్చ, దాని మీద పసుపు కలిసిన పచ్చ, అంచుల్లో ముదురు, మళ్ళీ లేతదానితో తుడుపు. పన్నెండోసారి కుదిరింది. కుదిరినప్పుడు సుధమ్మ పెన్నులకు మూతలు పెట్టేసింది. లోపల వాక్యం తానే రాస్తానన్నాడు. ఆమె ప్రేమ అనే మాట ఎక్కడైనా పెట్టమంది, ఆ మాట రాయడానికి చేయి రాలేదు. రాణీ, బళ్ళారికి పోవద్దు. మనం పెళ్ళి చేసుకుందాం. ఆలోచించి చెప్పు. ప్రభుదాసు. అంతే రాశాడు. ఇంకేం కావాలి. ఇదొకసారి చూసుకుందామని, బస్సు ఆగే ఉంది కదా అని, కవరులోంచి కార్డు బయటికి తీశాడు. కిటికీ ఎండలో ఆ పచ్చ నిజంగానే రాణి గుమ్మంలో నిలబడినట్టుంది. ఒళ్ళంతా తేలికైంది.

“ఎవురు గీసినారప్పా, ఇంత సక్కగుంది?” అంది పక్కన కూర్చున్న హులిగెమ్మ.

“నేనే.”

“నువ్వా? యాదీ, సూడనీ.” తీసుకుని అటూ ఇటూ తిప్పింది. వెనక్కి తిప్పి ఆగింది. “ఈ లెక్కేంది మల్ల, ఎనకాల?”

లెక్కేమిటి, వెనక ఏమీ లేదు కదా అనుకుంటూ చూశాడు. ఉంది. అట్ట వెనకవైపు, కుడిచేతి మూల, ముప్పై ఏళ్ళుగా ఎక్కడ కొడుతున్నాడో సరిగ్గా అక్కడ, అంగుళం కూడా తేడా లేకుండా, నిటారుగా, మచ్చలేకుండా: లాటు నం. 1. బరువు 170. చేయి కొట్టేసింది. కార్డు శాంపిలు పొట్లమంతే ఉంది, ముందు నెమలి పడింది, ఇక చేతికి ఏం తెలుసు, తిప్పింది, నంబరు కొట్టింది, బరువు కొట్టింది. నెమలి ఆరుతోంటే తాను సుధమ్మతో మాట్లాడుతున్నాడు, ఆ మాటల్లో చేయి తన పని తాను చేసుకుపోయింది. సీజనులో మొదటి బేలు, నూట డెబ్బై కేజీలు. ఒక ఆడమనిషిని పెళ్ళికి అడుగుతూ, వెనక ఆమె బరువు రాసి ఇచ్చిన మొగవాడు భూమి మీద ఇంకొకడు ఉంటాడా. అందునా రాణి. బొద్దుగా ఉంటుంది, ఉగ్గాని కొట్టు పెట్టాక ఇంకొంచెం, తానే చెప్పుకుని నవ్వుకుంటుంది. తాను చెప్పుకోవడం వేరు, మిల్లు అచ్చుతో ధ్రువపరిచి ఇవ్వడం వేరు. బస్సు కదిలింది. దిగిపోదామా. పచ్చ పెన్ను జేబులోనే ఉంది, అంకెల మీద దట్టంగా రుద్ది కప్పేయొచ్చు, కానీ ఆ రంగు ఇంకి అవతలికి పోతుంది, అవతల ఉన్నది రాసిన మాట. రాణీ అన్న పేరు మీదకే మరక వస్తుంది. ఉమ్మితడి పెట్టి తుడిస్తే అట్ట పొరలు లేస్తాయి. ఇంకో కార్డు చేయడానికి అచ్చులు లేవు, సుధమ్మ లేదు, టైము అసలే లేదు. ఇవన్నీ ఎప్పుడు పైకి అన్నాడో, హులిగెమ్మకు సగం అర్థమై సగం అర్థం కాక, ఎవరికి ఇచ్చేది అని అడిగింది. పెళ్ళి చేసుకుందామని అడగబోయే ఆమెకు అని చెప్పాడు. చెప్పాక తన గొంతు తనకే కొత్తగా వినబడింది. తెలియని మనిషికి ఎంత సులువుగా చెప్పాడు.

హులిగెమ్మ వక్క కొరుకుతూ ఆలోచించింది. “ఆమె ఆ మిల్లులో పన్జేసిందా?”

“ఎనిమిది సీజన్లు.”

“ఇంగేంది మరి. తెలిసినోళ్ళకు తెలుస్తాది. రుద్దబాక, ఇంగా పాడైతాది.”

కార్డు మళ్ళీ కవర్లోకి పోయింది. కోటేకల్ కొండ వచ్చింది, పోయింది. భయం కొండంత ఉంది, ఔను, కానీ దాని పక్కనే, ఎవరూ పిలవని చుట్టంలా, ఒక నవ్వు వచ్చి కూర్చుంది. లాటు నంబరు ఒకటి. చేయి తప్పు కొట్టలేదేమో. చేయికి తెలిసినంత తనకు తెలియదేమో. ముప్పై ఏళ్ళలో ఎన్ని వేల పొట్లాలకు నంబర్లు వేశాడు, తన కోసం ఒకటైనా వేసుకున్నాడా. ఒక్కడే నవ్వుతున్నాడు. ముందు సీటు పిల్ల తిరిగి చూసి తానూ నవ్వింది. చల్లటి గాలి, చేలల్లో తెలుపు, కండక్టరు అరుపులు, ఎవరి సంచిలోంచో కొత్తిమీర వాసన, అన్నీ తన పెళ్ళికి వస్తున్నట్టే ఉన్నాయి. ఆమె వద్దంటే? వద్దంటే వద్దంటుంది. కానీ ఈ గంట, ఈ కిటికీ, ఈ పచ్చ, వీటిని ఎవరూ వెనక్కి తీసుకోలేరు. ఎమ్మిగనూరు స్టాండులో దిగేటప్పుడు హులిగెమ్మ వీపు మీద చెయ్యి వేసి, పో అప్పా, మంచైతాది అంది.

కొట్టు ముందు రాణి మోకాళ్ళ మీద కూర్చుని దుప్పటి మూటకు తాడు బిగిస్తోంది. గోడ వారగా మూటలు, బాణలి ఒక దానిలోంచి చెవి బయటపెట్టి చూస్తోంది. పొయ్యి చల్లారి ఉంది. చిలకపచ్చ చీర కాదు, ఏదో గోధుమ రంగు.

“దాసప్పా. సీజన్లో వచ్చినావే. మిల్లు మూసినారా ఏంది?”

బస్సులో కూర్చిన వాక్యాలన్నీ బస్సులోనే ఉండిపోయాయి. కవరు చాపాడు. ఆమె చెయ్యి కొంగుకు తుడుచుకుని అందుకుంది, నెమలిని చూసింది, వేలితో దాని మెడ తాకింది. “ఈ పచ్చ నా చీరది” అంది నెమ్మదిగా. మడత తెరిచింది. పెదవులు కదుపుతూ చదివింది. ఉన్నవి నాలుగు మాటలే, అంతసేపు పట్టింది. ప్రభుదాసు తాడు వైపు చూస్తూ నిలబడ్డాడు. తర్వాత, పొట్లం చేతికి వస్తే మిల్లువాళ్ళెవరైనా చేసే పనే ఆమె కూడా చేసింది, వెనక్కి తిప్పింది.

“లాటు ఒకటి. నూట డెబ్బై.” తలెత్తింది. “నేనంత ఉన్నానా దాసప్పా?”

“చెయ్యి కొట్టేసింది” అన్నాడు. “అలవాటు.”

“మరి రెండో నంబరు ఎవురికి?”

“రెండు లేదు. ఒకటే.”

ఆయన జన్మలో అరగంట ఆలస్యం కాకుండా వచ్చిన మొదటి మాట అది. రాణి మొహం కార్డు వైపు వంచింది. ముందు భుజాలు కదిలాయి, మిల్లులో లాగా, శబ్దం లేకుండా, తర్వాత ఆ నవ్వు వచ్చింది, పక్క కొట్టువాళ్ళు తొంగి చూసేంత నవ్వు, కళ్ళ నీళ్ళు వచ్చేంత నవ్వు. నవ్వుతూనే కార్డును ఒడిలో పెట్టుకుని, రెండు పిడికిళ్ళూ ఛాతీ మీద అడ్డంగా పెట్టింది. మార్క పడింది, ముట్టొద్దు. అట్లాగే పెట్టి ఆయన వైపు చూసింది, కన్నీళ్ళు కారుతున్నా మొహం మాత్రం గంభీరంగా పెట్టడానికి ప్రయత్నిస్తూ. ప్రభుదాసు పోయి మూటల మీద కూర్చున్నాడు.

“ఆడ కూచోబాక, గిన్నెలుండాయి” అంది రాణి. ఫోను తీసి కృపకు, టెంపో ఆయప్పను తిరిగి పొమ్మని సెప్పు, మల్ల మాట్లాడతా అని చెప్పి పెట్టేసింది. ఆయన లేచి నిలబడగానే, తాను అప్పుడే కట్టిన మూట కొస ఒకటి ఆయన చేతికిచ్చింది.

“ఈ మూటల మీద మార్క పడలేదు గదా” అంది. “పట్టుకో, ఇప్పుదాం.”

ముడి గట్టిగా పడి ఉంది. ఇద్దరూ కింద కూర్చుని విప్పారు.